తొర్రలో కాపురం



మన శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస మీదుగా రైలు పట్టాలు పడింది 1890ల్లో. బెజవాడ నుంచి కటకం దాకా తూర్పుతీరం లైనును 1893, 1896 మధ్య అంచెలంచెలుగా తెరిచారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే, మనకు బాగా దూరాన, అనంతపురం జిల్లా గుత్తిలో రైల్వే వాళ్ల కలప యార్డులో ఒక సాలీడు దొరికింది. కాళ్లు చాపితే జానెడుకు కాస్త తక్కువ. ఒళ్లంతా నీలం. అది లండన్ చేరింది. అక్కడి బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే రెజినాల్డ్ ఇన్స్ పోకాక్ అనే జంతుశాస్త్రవేత్త 1899లో దాన్ని కొత్త జాతిగా ప్రకటించి, ఆ మెరుపును బట్టి పోయిసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు.

గుత్తి ఊరి పేరు ఆ సాలీడుకు అలా అంటుకుపోయింది. విదేశాల్లో సాలీళ్లను పెంచుకునే వాళ్లు ఈనాటికీ దాన్ని గూటీ సఫైర్ అనే పిలుస్తారు. సఫైర్ అంటే నీలమణి. తీరా చూస్తే దాని సొంత ఊరు గుత్తి కానే కాదు. పోకాక్ పేరు పెట్టిన 102 ఏళ్ల తర్వాత, 2001లో, అది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. గుత్తికి ఆ అడవి సుమారు 100 కిలోమీటర్లు. ఆనాడు అడవిలో చెట్టు కొట్టి, దుంగ చేసి, రైలెక్కించినప్పుడు తొర్రలో ఉన్న సాలీడు కూడా దుంగతో పాటే ప్రయాణం చేసి యార్డులో దిగిందని పరిశోధకుల అభిప్రాయం.

చెట్టు మీద గొడ్డలి పడుతున్నా తొర్ర వదలలేదన్నమాట. ఇది టరాంటులాలనే పెద్ద సాలీళ్ల కుటుంబంలోది. వాటి బతుకు తీరంతా ఆ ఒక్క సంగతిలో ఉంది. పుట్టాక కొన్నాళ్లకు ఒక గూడు చూసుకుంటాయి. ఆడదైతే జీవితమంతా ఆ గూట్లోనో, దాని చుట్టుపక్కలో గడిపేస్తుంది. వాటికి మేలు చేసేదీ, ముప్పు తెచ్చేదీ కూడా ఆ పద్ధతే.

టరాంటులా అనగానే ఇంగ్లీషు సినిమాలో హీరో భుజం మీద పాకే జంతువు గుర్తొస్తుంది. అది ఎక్కడో అమెజాన్ అడవుల్లో ఉంటుందిలే అనుకుంటాం. అక్కడా ఉంది, నిజమే. దక్షిణ అమెరికాలోని గోలియత్ టరాంటులా కాళ్లు చాపితే దాదాపు 30 సెంటీమీటర్లు వస్తుంది, 170 గ్రాముల దాకా తూగుతుంది. 1705లో మరియా సిబిల్లా మెరియన్ అనే చిత్రకారిణి సూరినాం దేశపు పురుగుల మీద తెచ్చిన పుస్తకంలో, పిట్టను తింటున్న సాలీడు బొమ్మ వేసింది. ఆడమనిషి కల్పించి గీసిందని కొందరు కొట్టిపారేశారు. ఒకటిన్నర శతాబ్దం తర్వాత హెన్రీ వాల్టర్ బేట్స్ అమెజాన్ అడవుల్లో అలాంటి దృశ్యాన్నే కళ్లారా చూసి, 1863లో రాసిన పుస్తకంలో వివరించాక గానీ ఆమె మాట నిలబడలేదు. టరాంటులాల కుటుంబంలో ఇప్పటికి వెయ్యికి పైగా జాతులను గుర్తించారు. వాటిలో చెట్ల మీద కాపురముండే పోయిసిలోథీరియా అనే వర్గం మాత్రం భారతదేశంలో, శ్రీలంకలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. అందులో పదిహేను దాకా జాతులున్నాయి. గుత్తి పేరు మోస్తున్నది ఒకటి. మనకు దగ్గర్లో ఇంకొకటి ఉంది.

ఆమదాలవలసలో విశాఖ వైపు వెళ్లే రైలెక్కితే విజయనగరం దాటాక కొత్తవలస వస్తుంది. అక్కడి నుంచి కిరండూల్ లైను చీలిపోతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960ల్లో వేసిన లైను అది. శృంగవరపుకోట, బొడ్డవర దాటాక రైలు కొండెక్కడం మొదలుపెడుతుంది. తైడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు స్టేషన్లు వరసగా వస్తాయి. అరకు చూడ్డానికి వెళ్లేవాళ్లు కిటికీల దగ్గర గుమిగూడేది ఇక్కడే. వాళ్లు ఫొటోలు తీసుకునే ఆ కొండలే అనంతగిరి కొండలు. ఆండ్రూ స్మిత్ అనే బ్రిటిష్ సాలీళ్ల నిపుణుడు 2006లో ఇక్కడి టరాంటులాను కొత్త జాతిగా వర్ణించాడు. పొట్ట మీద పులికి ఉన్నట్టు చారలుండటం వల్ల దాని శాస్త్రీయ నామంలో పులి చేరింది. ఇంగ్లీషు వాడుక పేర్లలో అనంతగిరి చేరింది.

ఇక్కడ శ్రోతలకు ఒక అనుమానం రావచ్చు. మా ఇంట్లో కూడా పెద్ద సాలీడుంది, అదీ ఇదేనా అని. రాత్రి స్నానాల గదిలో లైటు వేయగానే గోడకు బల్లపరుపుగా అతుక్కుని కనిపించే గోధుమరంగు సాలీడు శ్రీకాకుళం జిల్లాలో లేని ఇల్లుండదు. ఆడదైతే ఒక్కోసారి పొట్ట కింద తెల్లటి బిళ్ల పట్టుకుని తిరుగుతుంది. ఆ బిళ్ల దాని గుడ్ల సంచి. దాన్ని ఇంగ్లీషులో హంట్స్‌మన్ అంటారు. టరాంటులాకూ దానికీ చుట్టరికం బాగా దూరం. తేడా కోరల్లో తెలుస్తుంది. హంట్స్‌మన్ కోరలు పట్టకారు రెండు కొసల్లా అడ్డంగా కలుసుకుంటాయి. టరాంటులా కోరలు రెండూ పక్కపక్కనే ఉండి పైనుంచి కిందికి నిలువుగా దిగుతాయి. అందుకే వేటు వేసే ముందు అది ఒళ్లు పైకెత్తాలి. హంట్స్‌మన్ మనిషికి చేసే హాని ఏమీ లేదు. పైగా బొద్దింకలను తిని పెడుతుంది. చీపురు తియ్యాల్సిన పని లేదు.

ఇక అనంతగిరి తొర్ర దగ్గరికి వద్దాం.

పగలు అక్కడ చూడ్డానికి ఏమీ ఉండదు. ముదురు చెట్టు మానులో ఎప్పుడో కొమ్మ విరిగిన చోట పుచ్చిపోయి ఏర్పడిన తొర్ర. దాని నోటి దగ్గర పలచగా సాలెగూడు పొర. లోపల చీకట్లో సాలీడు. చెట్ల మీది టరాంటులాల ఒళ్లు నేల మీది వాటికంటే చదునుగా ఉంటుంది. బెరడు లేచిన సందులోకి కూడా దూరిపోగలవు. పొద్దుగూకాక అది తొర్ర నోటికి వచ్చి కూర్చుంటుంది. అంతే. వేట కోసం గాలికి వల కట్టదు, పురుగు వెంట పరుగెత్తదు. కళ్లు ఎనిమిదున్నా చూపు అంతంత మాత్రమే. కాళ్ల నిండా ఉన్న సన్నటి నూగు దానికి చెవీ ముక్కూ కూడా. మాను మీద బొద్దింక నడిచినా, ఎదురుగా గాల్లో రెక్కల పురుగు కదిలినా ఆ నూగుకు తెలిసిపోతుంది. పురుగు అందుబాటులోకి వచ్చిందంటే కంటికి ఆనని వేగంతో దూకి పట్టేస్తుంది. విషం ఎక్కించి, జీర్ణరసాలు పోసి, కరిగిన దాన్ని పీల్చుకుంటుంది. పళ్లతో నమిలే ఏర్పాటు లేదు మరి. కడుపు నిండా తిన్న పెద్ద టరాంటులా వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఏమీ తినకుండా ఉండగలదు. కదలకుండా కూర్చునే జీవికి ఖర్చు తక్కువ.

నడకలో ఒక విశేషముంది. సాలీడు కాలి ముఖ్యమైన కీళ్లలో ముడిచే కండరాలున్నాయి గానీ చాపే కండరాలు లేవు. తలభాగంలో పిండి, రక్తాన్ని కాళ్లలోకి తోస్తేనే కాళ్లు చాచుకుంటాయి. చచ్చిన సాలీడు కాళ్లు ముడుచుకుని పడి ఉండేది అందుకే, తోయడానికి ఒత్తిడి పోయింది గనక. దీనివల్ల ఒక ప్రమాదమూ ఉంది. ఎత్తు నుంచి పడి పొట్ట చిట్లితే ఆ రక్తం కారిపోయి సాలీడు బతకదు. చెట్టెక్కి కాపురముండే జీవికి ఇది చిన్న సంగతి కాదు. అందుకే అరికాళ్ల నిండా వేలకొద్దీ సూక్ష్మమైన వెంట్రుకల మెత్తలుంటాయి. వాటితో నున్నటి అద్దం మీద కూడా నిలువుగా ఎక్కిపోతుంది.

పెరిగే కొద్దీ పాత పొలుసు వదలడం ఇంకో పెద్ద ఘట్టం. ఆ రోజు దగ్గరపడితే సాలీడు తిండి మానేస్తుంది. గూట్లో పట్టు పరుచుకుని చాలావరకు వెల్లకిలా పడుకుంటుంది. చూసినవాళ్లు చచ్చిందనుకుంటారు. కాసేపటికి వీపు మీది చిప్ప అంచున చీలి, మూతలా లేస్తుంది. అప్పుడు ఎనిమిది కాళ్లనూ పాత తొడుగుల్లోంచి కొద్దికొద్దిగా బయటికి లాక్కుంటుంది. గంటల పని. మధ్యలో ఒక కాలు ఇరుక్కుంటే ప్రాణం మీదికే వస్తుంది. పని అయ్యాక కోరలు చూస్తే తెల్లగా, మెత్తగా ఉంటాయి. అవి ఎర్రబడి, తర్వాత నల్లబడి గట్టిపడే దాకా దేన్నీ కొరకలేదు. అంతకు ముందు ఏ తొండతోనో తగాదాలో కాలు పోగొట్టుకుని ఉంటే, కొత్త పొలుసుతో పాటు కొత్త కాలూ వస్తుంది. మొదట కాస్త పొట్టిగా ఉన్నా, తర్వాతి విడతల్లో సర్దుకుంటుంది.

ఆడ, మగ బతుకులు ఇక్కడే వేరవుతాయి. గుత్తి నీలి సాలీళ్లలో మగది మూడు నాలుగేళ్లకు చనిపోతుంది. ఆడది 11, 12 ఏళ్లు బతుకుతుంది. మగది చివరి పొలుసు వదిలిన రోజు నుంచి మనిషే మారిపోతాడనాలి. అప్పటిదాకా ఉన్న తొర్ర వదిలేసి, రాత్రుళ్లు ఆడదాన్ని వెతుక్కుంటూ చెట్టూ చెట్టూ తిరుగుతాడు. జనం కళ్లబడే టరాంటులాల్లో చాలా భాగం ఇలా ఇల్లు వదిలిన మగవే. ఆడదాని గూడు తగిలితే లోపలికి దూసుకుపోడు. నోటి దగ్గర ముందుకాళ్లతో తట్టి, ఒళ్లు అదిరించి కబురు పంపుతాడు. వేటకూ పెళ్లిపిలుపుకూ తేడా ఆ చప్పుడులోనే తెలియాలి. ఆడది మెత్తబడితే సరే, లేకపోతే పరుగే. ఆడది ఆ తర్వాత పట్టు సంచిలో గుడ్లు పెట్టి, పిల్లలు బయటపడే దాకా కాపలా కాస్తుంది. అడవిలో తొర్రలకు కరువొస్తే ఒకే తొర్రలో నాలుగైదు కలిసి సర్దుకోవడమూ ఈ వర్గంలో ఉంది. ఒకదాన్నొకటి తినేసే సాలీళ్ల లోకంలో ఇది అరుదు.

సాలీళ్ల ఆయుష్షుకు ఆస్ట్రేలియాలో మంచి ఉదాహరణ దొరికింది. టరాంటులాలకు దగ్గరి శాఖకు చెందిన ఒక ఆడ సాలీడు పశ్చిమ ఆస్ట్రేలియాలో నేలలో బొరియ తవ్వుకుని, పైన మూత పెట్టుకుని ఉండేది. బార్బరా యార్క్ మెయిన్ అనే శాస్త్రవేత్త 1974 నుంచి దాన్ని గమనించారు. పరిశోధన పుస్తకంలో దాని నంబరు 16. అదే బొరియలో 43 ఏళ్లు బతికి 2016లో చనిపోయింది. ముసలితనంతో కాదు, కందిరీగ జాతి పురుగు దాడి చేయడం వల్ల. శాస్త్రానికి తెలిసినంతలో ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ కాలం బతికిన సాలీడు అదే.

మళ్లీ నీలం సంగతి. గుత్తి సాలీడు వెంట్రుకల్లో నీలిరంగు పదార్థం లేదు. వెంట్రుక లోపలి పొరల అమరిక ఎంత సూక్ష్మంగా ఉందంటే, వెలుతురు పడినప్పుడు నీలి కాంతిని మాత్రమే వెనక్కి కొడుతుంది. అమెరికాలోని ఆక్రన్ విశ్వవిద్యాలయంలో బోర్-కై స్యుంగ్, ఆయన సహచరులు 2015లో ఈ విషయం మీద పరిశోధన ప్రచురించారు. టరాంటులాల వంశవృక్షంలో నీలం కనీసం ఎనిమిదిసార్లు విడివిడిగా పుట్టిందని అందులో తేలింది. లోపలి అమరిక ఒక్కో జాతిలో ఒక్కో రకం, వచ్చే నీలం మాత్రం ఇంచుమించు ఒకటే. వీటికి రంగులు సరిగా కనబడవని, కాబట్టి ఆ నీలం జోడు కోసం కాదని అప్పుడు అనుకున్నారు. 2020లో ఇంకో బృందం టరాంటులాల కంటికి సంబంధించిన జన్యువులను పరిశీలించి, రంగులు గుర్తించడానికి కావలసిన సరంజామా వాటికుందని చూపింది. జోడును ఆకట్టుకోవడానికే నీలం పనికొస్తూ ఉండవచ్చన్న వాదన దాంతో మళ్లీ లేచింది.

భయం మాటకొద్దాం. అమెరికా ఖండాల టరాంటులాల్లో చాలావాటికి పొట్ట మీద దురదగుంట లాంటి వెంట్రుకలుంటాయి. శత్రువు వస్తే వెనక కాళ్లతో వాటిని దులిపి ముఖాన కొడతాయి. మన చెట్టు టరాంటులాలకు ఆ సదుపాయం లేదు. ముందు పారిపోతాయి. దారి మూసుకుపోతే ముందుకాళ్లు రెండూ పైకెత్తి, అడుగున ఉన్న పసుపుపచ్చ పట్టీలు చూపిస్తాయి. అప్పటికీ వినకపోతే కరుస్తాయి. విషం కాస్త గట్టిదే. పోయిసిలోథీరియా వర్గం కరిస్తే తీవ్రమైన నొప్పి, వాపు, ఆ తర్వాత కండరాలు పట్టేయడం ఉంటాయి. ఆ పట్టు కొందరిలో రోజుల తరబడి వదలదు. అయితే ఈ కాటుతో మనిషి చనిపోయినట్టు వైద్య గ్రంథాల్లో రుజువైన కేసు లేదు. మన దేశంలో పాముకాటుకు 2000 నుంచి 2019 దాకా ఏటా సగటున 58,000 మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్క. పొలం గట్టు మీద నడిచే రైతు దేనికి భయపడాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ నొప్పి ఎలా పుడుతుందో వెతుకుతూ వెళ్లినవాళ్లకు మిరపకాయ ఎదురైంది. కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ ప్రయోగశాల వాళ్లు, వెస్టిండీస్ ప్రాంతపు టరాంటులా ఒకదాని విషాన్ని పరీక్షించి 2006లో ఫలితం చెప్పారు. మిరపకారం మన నరాల్లో ఏ గ్రాహకాన్ని తట్టి మంట పుట్టిస్తుందో, ఆ విషంలోని పదార్థాలు కూడా సరిగ్గా దాన్నే తడుతున్నాయి. మిరపమంట గ్రాహకాన్ని కనిపెట్టినందుకే జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. నొప్పి తగ్గించే మందుల కోసం సాలీళ్ల విషాలను జల్లెడ పడుతున్న ప్రయోగశాలలు ఇప్పుడు చాలా ఉన్నాయి.

కాటు కంటే నాటువైద్యం ఎక్కువ చేటు తెస్తుంది. 2012 వేసవిలో అస్సాంలోని సదియాలో పెద్ద సాలీళ్లు గుంపులుగా వచ్చి కరుస్తున్నాయని గగ్గోలు పుట్టింది. ఇద్దరు చనిపోయినట్టు వార్తలొచ్చాయి. ఇద్దరూ ముందు మంత్రగాళ్ల దగ్గరికి వెళ్లినవాళ్లే. కరిచిన చోట బ్లేడుతో కోసి రక్తం తీశారు. శవపరీక్ష జరిగే లోపే దహనాలు అయిపోయాయి. కాబట్టి సాలీడు కరిస్తే చెయ్యాల్సింది ఇదీ: సబ్బు, నీళ్లతో కడగాలి, చల్లటి గుడ్డ పెట్టాలి, నొప్పి పెరిగినా కండరాలు పట్టేసినా ఆస్పత్రికి వెళ్లాలి. కొయ్యడం, కట్టు బిగించడం, పసరు పొయ్యడం పనికిరావు.

మనిషికి దానివల్ల ఉన్న ప్రమాదం ఇంతే. దానికి మనిషివల్ల ఉన్నది ఇంకా ఎక్కువ. గుత్తి సాలీడు ఉండే చోటు మొత్తం 100 చదరపు కిలోమీటర్ల లోపేనని అంచనా వేసి, 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. కలపకీ వంటచెరుకుకీ ముందు పోయేవి ముదురు చెట్లు. తొర్రలుండేవి వాటికే. మొక్కలు నాటితే అడవి పచ్చబడవచ్చు, తొర్ర పడటానికి మాత్రం దశాబ్దాలు కావాలి. ఆడ సాలీడు కొత్త చోటికి వలసపోయే రకం కాదు గనక చెట్టుతో పాటే దాని ఇల్లూ సంసారమూ పోతాయి.

రెండో ముప్పు సంత. నీలి సాలీడును గాజుపెట్టెల్లో పెంచేవాళ్లు యూరప్‌లో, అమెరికాలో ఉన్నారు. ఇప్పుడు అమ్మేవాటిలో చాలావరకు అక్కడ పిల్లలు చేయించినవే. ఎదురు రవాణా కూడా జరుగుతోంది. 2021 జులైలో చెన్నై కస్టమ్స్ అధికారులు పోలండ్ నుంచి వచ్చిన తపాలా పార్సిల్ విప్పారు. థర్మాకోల్ పెట్టెలో, వెండిరంగు రేకు, దూది చుట్టిన చిన్న చిన్న ప్లాస్టిక్ సీసాలు 107. ఒక్కొక్కదాంట్లో ఒక్కో ప్రాణమున్న సాలీడు. అన్నీ అమెరికా ఖండాల టరాంటులాలని తేలింది. వాటిని తిరిగి పోలండ్‌కే పంపేశారు. అంతకు రెండేళ్ల ముందే, 2019లో జెనీవాలో జరిగిన సమావేశంలో మన చెట్టు టరాంటులాల వర్గం మొత్తాన్నీ, ప్రమాదంలో ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు. అప్పటినుంచి అనుమతి పత్రం లేకుండా వాటిని దేశం దాటించడం నేరం. 2022లో సవరించిన మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా ఈ ఒప్పందం జాబితాలను తనలో కలుపుకుంది.

వానాకాలంలో అరకు, అనంతగిరి వైపు వెళ్లే శ్రోతలకు అలాంటి సాలీడు తారసపడవచ్చు. విశ్రాంతి గృహం గోడ మీదో, కాఫీ తోటలో సిల్వర్ ఓక్ మాను మీదో, అడవి దారిలోనో. దాన్ని కొట్టొద్దు, చేత్తో పట్టొద్దు. గదిలోకి వస్తే వెడల్పాటి డబ్బా బోర్లించి, కింద అట్ట జరిపి, దగ్గర్లోని చెట్టు మొదట్లో వదిలితే చాలు. ఫొటో తీసేవాళ్లు వీపు వైపు ఒకటి, వీలైతే అద్దం మీదో డబ్బాలోనో ఉన్నప్పుడు కింది నుంచి ఇంకొకటి తీయాలి. ఈ వర్గంలో ఏ జాతి ఏదో నిపుణులు తేల్చేది కాళ్ల అడుగుభాగంలోని పట్టీల రంగు, వెడల్పు చూసే. తేదీ, ఊరి పేరు రాసి ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో పెడితే ఆ ఫొటో వాళ్ల కంటపడుతుంది.